అడుగున తిరిగే చేపలు, రెండడుగుల ట్యాంకు: సమస్య - పరిష్కారం

ట్యాంకులో చేప చచ్చిందంటే చాలు, ఏ మందు వేయాలని అడుగుతారు. అడుగున తిరిగే చేప ఏ జాతి, పెద్దదైతే ఎంత పొడవవుతుంది అన్నది మాత్రం చూసుకోరు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ట్యాంకు. అంచుదాకా నింపినా పట్టేది 56 లీటర్లే. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను 45 చిల్లర మిగులుతాయి. అందుకే మందు డబ్బా తీసే ముందు స్కేలు తీసి చేపను కొలవండి.

లక్షణం: కడిగిన మూడో రోజుకే నీళ్లు మసకబారతాయి. గప్పీలు, మోలీలు లాంటి చిన్న చేపలు ఒక్కొక్కటే పోతుంటాయి. పాచి తింటుందని అమ్మే సక్కర్ చేప మాత్రం గాజుకు అతుక్కుని నిక్షేపంగా ఉంటుంది.

కారణం: ఆ నిక్షేపంగా ఉన్నదే.

ఇక్కడే అందరూ పొరబడతారు. బాగున్న చేపను ఎవరూ అనుమానించరు కదా. అంగట్లో అది రెండంగుళాల పిల్ల. "అన్నా, ఇది పాచి తింటాది, ట్యాంకు కడిగే పనే ఉండదు" అని ఇస్తారు. అది అమెజాన్ వైపు నదుల చేప, పెద్దదైతే అడుగు దాటి ఒకటిన్నర అడుగు దాకా పెరుగుతుంది. మన ట్యాంకు వెడల్పే ఒక అడుగు! వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు. ఏడాదిలోపే ఐదారు అంగుళాలు కావడం మామూలే.

పొడవు మూడింతలైతే బరువు దాదాపు ఇరవై ఏడింతలు అవుతుంది, పెంట కూడా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది పాచి కొంత తింటుంది, నిజమే. కానీ తిన్నదానికి తగ్గట్టు దారాల్లా పొడుగ్గా పెంట వదులుతుంది. కొన్నప్పుడు సరిపోయిన ఫిల్టర్ ఇక చాలదు, పెంట నుంచి పుట్టే అమ్మోనియా పేరుకుంటుంది. మన రాయలసీమ బోరు నీళ్లు చాలావరకు గట్టివి, క్షారగుణం ఎక్కువ. పీహెచ్ (క్షారగుణం కొలత) పెరిగేకొద్దీ, నీళ్లు వేడెక్కేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. చిన్న చేపలు ముందు పోతాయి. సక్కర్ పైకొచ్చి గాలి మింగి, పొట్టలోంచే ఆక్సిజన్ తీసుకోగలదు కాబట్టి మురికి నీళ్లలోనూ నెట్టుకొస్తుంది.

తర్వాత జరిగేది ప్రతి ఇంట్లోనూ ఒకటే. ఏదో జబ్బనుకుని మందు వేస్తారు. తగ్గకపోతే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, రాళ్లు ఉడకబెట్టి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండుతారు. అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా దాంతో పోతుంది. కొత్త గప్పీలు తెస్తారు, బతికున్న ఆ ఒక్క సక్కర్‌నే మళ్లీ వేస్తారు. మళ్లీ చావులు మొదలు.

ఇంకో ఆనవాలు: పొద్దున్నే ఏంజెల్ చేప ఒంటి పక్కన గుండ్రటి తెల్లమచ్చ, అక్కడ పొలుసు లేచి ఉంటుంది. ఫంగస్ అని నీలిమందు (మిథిలీన్ బ్లూ) పోసేయకండి. రాత్రి లైటు ఆర్పిన గంటకు టార్చి వేసి చూడండి. ఆకలేసిన సక్కర్ ఏంజెల్ ఒంటికి అతుక్కుని జిగురు గీకుతుంటే కళ్లారా కనిపిస్తుంది.

పరిష్కారం: సక్కర్‌ను అంగట్లో తిరిగి ఇవ్వండి, లేదా ఐదారడుగుల ట్యాంకు ఉన్నవాళ్లకివ్వండి. అప్పటిదాకా వారానికి రెండుసార్లు మూడోవంతు నీళ్లు మార్చండి. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ విరిచే చుక్కలు తప్పనిసరి. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. రాత్రిపూట మునిగే మేత బిళ్ల గానీ, కాస్త ఉడికించిన కీరా ముక్క గానీ వేయండి. హంద్రీలోనో, కేసీ కాలువలోనో, పెన్నలోనో మాత్రం వదలొద్దు. ఈ జాతి మన దేశపు నీళ్లలో ఇప్పటికే పాతుకుపోయి నాటు చేపల తిండికీ, జాలరుల వలలకూ గండమైంది.

మళ్లీ కొనేటప్పుడు నా కొలత ఇది: పెద్దదైన చేప పొడవు ట్యాంకు వెడల్పులో మూడోవంతు దాటకూడదు. ఎత్తుతో పని లేదు, అడుగున తిరిగేదానికి అడుగు వైశాల్యమే లెక్క. మన ట్యాంకుకు అంటే నాలుగంగుళాలు. కాస్త మినహాయింపు బ్రిస్టిల్‌నోస్ అనే చిన్న సక్కర్ జాతికి ఇస్తాను. నాలుగైదు అంగుళాల దగ్గర ఆగుతుంది, ఒక్కటే పెట్టండి. పిల్లప్పుడు మీసాల్లాంటి కొమ్ములు రావు కాబట్టి ఫోన్లో ఫోటో తీసి, వీపు రెక్కలోని ముళ్లగీతలు లెక్కపెట్టండి. పది దాటితే అది పెద్ద సక్కరే. ఎనిమిదో, అంతకు తక్కువో అయితే బ్రిస్టిల్‌నోస్ కావచ్చు, ఆకారం కూడా చూసుకుని తీసుకోండి.

మన ఎండలకు నేను మొదట చెప్పేది కూలీ లోచ్. పామల్లే సన్నగా మూడు నాలుగు అంగుళాలుంటుంది, వేడిని బాగా ఓర్చుకుంటుంది. కోరీల్లో (అడుగున మేసే చిన్న మీసాల చేపలు) స్టెర్బై రకం తీసుకోండి. పాండా కోరీ ఎంత ముద్దుగా ఉన్నా వద్దు, దానికి 25 డిగ్రీల లోపు చల్లటి నీళ్లు కావాలి, కడప మే నెలలో అది కుదరదు. "షార్క్" అని అమ్మే వెండిరంగు పిల్లను అసలు ముట్టుకోవద్దు. అది చెరువుల్లో కిలోల లెక్కన పెంచే పంగస్. బెదిరి గాజుకు కొట్టుకుని మూతి పగలగొట్టుకుంటుంది. ఒక అడుగు పొడవు ట్యాంకైతే అడుగున తిరిగే ఏ చేపా వద్దు, చిన్నజాతి రొయ్యలు పెట్టుకోండి.

లక్షణం: కోరీ మీసాలు అరిగిపోయాయి, పొట్ట కింద ఎర్రబడింది.

రంగురాళ్ల అంచులు పదునుగా ఉంటాయి, సందుల్లో మురికి నిలుస్తుంది. రాళ్లు తీసేసి, తేట నీళ్లు వచ్చేదాకా కడిగిన సన్న ఇసుక పోయండి. గుహ కోసం కడప బండ ముక్కో, బేతంచెర్ల రాయో పెట్టకండి, రెండూ సున్నపురాళ్లే. అసలే గట్టి నీళ్లను ఇంకా గట్టిగా చేయొచ్చు. పగిలిన మట్టికుండ పెంకు, అంచులు అరగదీసి బోర్లించండి, చాలు.

లక్షణం: ఎండాకాలం మధ్యాహ్నం అన్నీ మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతున్నాయి.

అప్పుడప్పుడైతే కోరీలకు, లోచ్‌లకు అది అలవాటే. అదేపనిగా చేస్తుంటే నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గిందన్నమాట. మూత తీసి వల కప్పండి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి, గాలి పంపు ఆపకండి. మన పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు ఇట్టే దిగుతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయండి. బోరు నీళ్లే పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి.

లక్షణం: కోరీ గానీ, లోచ్ గానీ పగలంతా దాక్కుంటుంది, చిక్కిపోతోంది.

ఒంటరిది కాబట్టి. కోరీలు గానీ, కూలీ లోచ్‌లు గానీ ఆరుకు తగ్గకుండా ఉండాలి. రేకుల మేత పైచేపలే తినేస్తాయి, లైటు ఆర్పాక మునిగే గుళికలు వేయండి.

కడుపులో పురుగులు, ఈతతిత్తి (చేప తేలడానికి తోడ్పడే గాలితిత్తి) జబ్బు లాంటివీ ఉంటాయి. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి. అప్పుడు కూడా కళ్లుప్పు గుప్పెట్లతో వేయొద్దు, రాగి ఉన్న మందులు వాడొద్దు. లోచ్‌లకు, కోరీలకు రెండూ పడవు.