గరిక ఎండకుండా నాణెం తీయడం ఎలా

మెటల్ డిటెక్టర్ మోగగానే పార అందుకుంటే పని చెడినట్టే. బిళ్ళ ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో నేల మీదనే తేల్చుకోవాలి, కత్తి దించేది ఆ తర్వాతే. చోటు కచ్చితంగా తెలిస్తే అరచేయంత కోత చాలు. తెలియకపోతే బుట్టెడు మట్టి తీసినా దొరకదు, దొరికినా గీతలు పడి ఉంటుంది.

సొంత వాకిలి, పెరడు, పట్టాదారు ఒప్పుకున్న చెలక, ఇంతవరకే వెళ్ళాలి. పానగల్లు గుళ్ళు, ఫణిగిరి గుట్ట, అలంపురం లాంటి రక్షిత స్థలాల దగ్గర డిటెక్టర్ బయటికి తీయొద్దు. పాత పెంకులు తేలే పాటిగడ్డలను, అంటే పాత ఊళ్ళ దిబ్బలనూ వదిలేయాలి. గుప్తనిధుల పేరుతో గుళ్ళు తవ్వి పాడుచేసినవాళ్ళ వల్ల మన దగ్గర ఇప్పటికే చాలా పోయింది.

అదును కూడా చూసుకోవాలి. ఎండాకాలం చెలక రాయిలా ఉంటుంది. అప్పుడు కోస్తే గడ్డ ముక్కలవుతుంది, గరిక వేర్లు తెగి పచ్చిక పసుపెక్కుతుంది. వాన పడి రెండు మూడు రోజులయ్యాక, పిడికిట నొక్కితే మట్టి ముద్దై వేలికి అంటనప్పుడు పని చేయాలి. నల్లరేగడికి ఇంకొన్ని రోజులు ఆగాలి, తడి మీద అది కత్తినే వదలదు. దున్నిన చేనులో కోత అక్కర్లేదు, చేత్తో మట్టి జరిపితే చాలు. బత్తాయి తోటలో మాత్రం చెట్టు నీడ పడే మేర కత్తి పెట్టొద్దు. నీళ్ళు పీల్చే సన్న వేర్లు అక్కడ పైపైనే ఉంటాయి.

మొరం, ఎర్రరాయి ఉన్న నేలలో ఇనుప పాలు ఎక్కువ. డిటెక్టర్ అడుగున ఉండే పళ్ళెం లాంటి కాయిల్‌ను నేల మీద పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఇనుముకు మోగకుండా సర్దడం, అక్కడికక్కడే చేసుకోవాలి. మోత వచ్చిన చోట ఒకసారి తూర్పు పడమరగా, ఒకసారి ఉత్తర దక్షిణంగా ఊపండి. నాణేనికి రెండువైపులా ఒకే మోత వస్తుంది. మేకు ఒకవైపు మోగి మరోవైపు విరిగిపోతుంది. ఊపిన ఆ రెండు గీతలు కలిసిన చోటే గురి, బిళ్ళ ఉన్నది అక్కడే. మోత ఆగకుండా గీతలా సాగిపోతే అది బోరు మోటరు కేబుల్ కావచ్చు, అక్కడ కత్తి పెట్టొద్దు.

ఇనుము వద్దని సెట్టింగ్ పెడితే ఒక నష్టముంది. 1990ల తర్వాతి రూపాయి బిళ్ళలు చాలావరకు అయస్కాంతానికి అంటుకునే స్టీలువి, ఇనుముతోపాటు అవీ తప్పిపోతాయి. నిజాం కాలపు రాగి పైసలు, 1943 నుంచి 1947 దాకా వచ్చిన బొక్క పైసలు గట్టిగా మోగుతాయి.

ఇప్పుడు పిన్‌పాయింటర్‌తో, అంటే చేతిలో పట్టుకునే చిన్న డిటెక్టర్‌తో, నేల మీద తడమాలి. పైనుంచే మోగితే బిళ్ళ రెండు అంగుళాల లోపలే ఉన్నట్టు. మొరంలో ఊరికే మోగుతుంటే చాలా మోడళ్ళలో దాన్ని ఆపి, మొన నేలకు ఆనించి మళ్ళీ ఆన్ చేస్తే ఆ నేలకు సర్దుకుంటుంది. ఇంత పైనున్న కొత్త బిళ్ళకు కోత వద్దు. మొన గుండ్రంగా అరగదీసిన ఇత్తడి పుల్లను మెల్లగా దించండి. రాయి గరగరలాడుతుంది, నాణెం నున్నగా తగులుతుంది. దాని పక్కన, తగలకుండా, మొద్దు స్క్రూడ్రైవర్ దించి గుండ్రంగా తిప్పితే చీలిక తెరుచుకుంటుంది, బిళ్ళను కింది నుంచి పైకి లేపొచ్చు. పాత నాణెమని ఏమాత్రం అనుమానమున్నా పుల్ల వాడొద్దు, ఒక్క గీత పడితే అది పోయేది కాదు.

లోతుగా ఉంటే గడ్డితో సహా మట్టిగడ్డను మూతలా కోయాలి. గురికి చుట్టూ మూడు వైపులే, నాలుగంగుళాల వెడల్పున, కత్తిని నిలువుగా దించుతూ కోయండి. నాలుగో వైపు కోయకుండా వదిలితే మూత తలుపులా తెరుచుకుంటుంది, వేర్లు ఆ వైపున బతికుంటాయి. లోతు నాలుగైదు అంగుళాలు ఉండాలి. మూత పలచగా కోస్తే గడ్డి రెండు రోజుల్లో ఎండుతుంది, అందరూ చేసే పొరపాటు ఇదే. మూత కింది భాగాన్ని ముందు పిన్‌పాయింటర్‌తో చూడండి, బిళ్ళ చాలాసార్లు దానికే అంటుకుని ఉంటుంది. తీసిన ప్రతి గుప్పెడు మట్టినీ పక్కన పరిచిన గోనెసంచి మీదే పోయాలి. గడ్డిలో పోస్తే మళ్ళీ ఎత్తలేరు.

బిళ్ళ దొరికాక గుంతను మరోసారి చూడండి, జత ఉండొచ్చు. సంచి మీది మట్టి మొత్తం లోపల పోసి చేత్తో అణిచి, మూత వేసి, అర లీటరు నీళ్ళు పోసి కాలితో నొక్కాలి. వాన లేకుంటే మూడు రోజులు తడపండి. నాణేన్ని అక్కడే రుద్దొద్దు, మట్టితోనే కాగితంలో చుట్టండి.

కుండ పెంకు తగిలినా, ఒకేచోట మూడు నాలుగు పాత బిళ్ళలు కనిపించినా చేయి ఆపేయాలి. 2024లో ఫణిగిరి తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. కుండ ఏ పొరలో ఉంది, పక్కన ఏముంది అన్నదే వాటి కాలం చెబుతుంది, కదిపితే ఆ ఆధారం పోతుంది. ఫొటో తీసి, మట్టి కప్పి, తహసీల్దారుకు చెప్పండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి, 10 రూపాయలకు మించిన విలువ ఉన్నది ఏది దొరికినా, ఏమిటి, ఎక్కడ, ఏ రోజు దొరికిందో కలెక్టరుకు రాసి ఇవ్వాలి.