ముసురు పట్టేలోపు నానోక్రిస్టల్ ఫిల్మ్ వేస్తున్నారా? ఇవి చూసుకోండి

కాకినాడ వైపు ల్యాబుల్లో సీసియం లెడ్ బ్రోమైడ్ నానోక్రిస్టళ్లతో (సీసం ఉన్న అతి చిన్న స్ఫటికాలతో) లేజర్ ప్రయోగం పెట్టుకున్నవాళ్ల కోసం.

ముందు కళ్లు. 400 నానోమీటర్ల పంపుకి (నానోక్రిస్టళ్లను వెలిగించే లేజర్ కాంతికి) సరిపడే కళ్లద్దాలు ఒక్కటే చాలవు, దాన్ని పుట్టించిన 800 నానోమీటర్ల కాంతి కొంత మిగిలి వెంటే వస్తుంది, అది కంటికి దాదాపు ఆనదు, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

నానోక్రిస్టళ్లు కడగడానికి ఇథనాల్ వద్దు, మిథైల్ అసిటేట్ వాడండి. ఇథనాల్ లిగాండ్లను (నానోక్రిస్టళ్లను అంటిపెట్టుకుని విడివిడిగా ఉంచే అణువులను) ఊడదీస్తే, పచ్చగా వెలిగే ద్రావణం మసకబారి అడుగున ముద్దకడుతుంది.

0.2 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టండి. గడ్డలుంటే కాంతి చెదిరి లేజింగ్ థ్రెషోల్డ్ (లేజర్ మొదలవడానికి కావలసిన కనీస పంపు శక్తి) పెరుగుతుంది.

ఫిల్మ్ గ్లవ్‌బాక్సులోనే (బయటి గాలి చొరబడని పెట్టెలోనే) వేయండి, మన గాలిలో తేమ ఎక్కువ, అది తగిలితే ఫిల్మ్ పాడవుతుంది.

సీసం ఉన్న వ్యర్థం సింకులో పోయకండి, ఆ నీళ్లు చేరేది మన కాలవల్లోకే.