సిసిలీ డీఎన్‌ఏ మ్యాచ్‌ల చిక్కుముడి ఎలా విడిందంటే

డీఎన్‌ఏ పరీక్షలో ఒకరితో 90 సెంటీమోర్గాన్లు (ఉమ్మడి డీఎన్‌ఏకు కొలత) కలిశాయి కదా, దగ్గరి చుట్టమే అనుకుంటే సిసిలీ విషయంలో దారి తప్పినట్టే. చిన్న ఊళ్లలో తరతరాలుగా తమలో తామే సంబంధాలు కలుపుకున్నారు. దాంతో పాత చుట్టరికాల చిన్న డీఎన్‌ఏ ముక్కలన్నీ చేరి మొత్తం ఉబ్బుతుంది. మన మేనరికాల ఇళ్లకూ ఇదే తంటా! అందుకే ముందు అతి పొడవైన సెగ్మెంట్ (తెగకుండా కలిసిన ముక్క) చూశాను. అది 12 సెంటీమోర్గాన్ల దగ్గర ఆగినవాళ్లను పక్కనపెట్టి, 25 దాటినవాళ్లనే షేర్డ్ మ్యాచ్‌లతో (ఇద్దరికీ ఉమ్మడిగా కలిసినవాళ్లతో) గుంపులు కట్టాను.

తర్వాత ఇటలీ ప్రభుత్వ పాత రికార్డుల సైట్ అయిన అంటెనాటి పోర్టల్. పూర్వీకుల ప్రావిన్సువి ఎక్కించి ఉంటే 1820 నుంచి సివిల్ రికార్డులు (జనన, వివాహ, మరణ నమోదులు) ఉచితంగా చూడొచ్చు. పెళ్లి నమోదు కంటే దాని జత పత్రాలే అసలు నిధి: వధూవరుల జనన నకళ్లు, ఒక్కోసారి తాతల మరణ నకళ్లు కూడా. పెద్దకొడుక్కి తాత పేరే పెట్టేవారు కాబట్టి ఒకే పేరున నలుగురు తగులుతారు. తల్లి పుట్టింటి పేరు సరిపోలాకే వంశవృక్షంలో చేర్చాలి.