ముఖపరిచయం ఉన్నవాళ్లను ఎలా అడగాలి?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే కానీ, కొత్త ఉద్యోగమో, వ్యాపారానికి మొదటి ఖాతాదారో కావాల్సినప్పుడు ఇంట్లోవాళ్లు, ప్రాణస్నేహితులు అంతగా అక్కరకు రారు. ప్రేమ లేక కాదు, మీకు తెలిసిన కబుర్లే వాళ్లకూ తెలుసు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ ఆరా తీశారు. ఆ కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లమన్నది నూటికి 17 మందే. 1973లో వెలువడిన లెక్క ఇది. అలాగని ముక్కూమొహం తెలియనివాళ్ల వెంట పడక్కర్లేదు. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డిన్‌లో కోట్లమందిపై జరిపిన పరిశోధన 2022లో వచ్చింది. ఓ మోస్తరు పరిచయాలే ఎక్కువ పనికొస్తాయని అందులో తేలింది.

ముందు కాగితం మీద 30 పేర్లు రాయండి. పాత సహోద్యోగులు, కలిసి చదివి వేరే రంగంలోకి వెళ్లినవాళ్లు, ఒకప్పుడు మీ దగ్గర కొన్నవాళ్లు, మీకు అమ్మినవాళ్లు. మూడేళ్లుగా పలకరింపు లేకపోయినా పర్వాలేదు. రోజూ కలిసేవాళ్లను మాత్రం కొట్టేయండి. వారానికి ముగ్గురికి మించి రాయొద్దు. ఒకే సందేశం అందరికీ పంపితే చదివినవాళ్లు ఇట్టే పసిగడతారు.

సందేశం ఐదారు వాక్యాలు దాటకూడదు. ఎక్కడి పరిచయమో, ఇప్పుడేం చేస్తున్నారో, వాళ్లనే ఎందుకు అడుగుతున్నారో, ఏం కావాలో చెబితే చాలు. ‘మీ కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తారా?’ అని మొదలుపెడితే పని చెడినట్లే. అది వాళ్ల చేతిలో ఉండకపోవచ్చు. లేదనలేక అసలు జవాబే ఇవ్వరు. ‘మీరు అకౌంట్స్ నుంచి డేటా పనిలోకి ఎలా మారారో 20 నిమిషాలు ఫోన్లో అడగాలనుంది. మంగళవారం గానీ గురువారం గానీ సాయంత్రం వీలవుతుందా?’ అంటే జవాబివ్వడం తేలిక. పది రోజులైనా ఉలుకూపలుకూ లేకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

మాట్లాడేటప్పుడు ఐదు ప్రశ్నలు చాలు. జరగబోయేది కాదు, జరిగింది అడగండి. వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు ‘ఇలాంటిది తయారుచేస్తే కొంటారా?’ అంటే మొహమాటానికి ఎవరైనా కొంటామంటారు. ఆ మాట నమ్మి సరుకు తయారుచేసి చేతులు కాల్చుకున్నవాళ్లు కొల్లలు. ‘కిందటిసారి ఈ ఇబ్బంది ఎప్పుడొచ్చింది? అప్పుడేం చేశారు? ఎంత ఖర్చయింది, ఎన్ని గంటలు పట్టింది?’ అని ఒక్కొక్కటిగా అడగండి. రెండు ప్రశ్నలు కలిపి వేస్తే సులువైనదానికే జవాబిస్తారు. ఇప్పటికే డబ్బో, వారానికి రెండు గంటలో దానిమీద పోతున్నాయంటే అక్కడ వ్యాపారానికి చోటుంది. ఏమీ పోవడం లేదంటే అది విసుగే తప్ప అవసరం కాదు. ప్రశ్న వేశాక మనసులో ఐదు లెక్కపెడుతూ నోరు మూసుకోండి. అసలు సంగతి తరచూ ఆ నిశ్శబ్దం తర్వాతే బయటికొస్తుంది.

చివర్లో, ‘దీని గురించి ఇంకెవరితో మాట్లాడమంటారు?’ అని అడగండి. పేరు చెబితే వెంటనే ఫోన్ నంబరు లాగొద్దు. మీ గురించి నాలుగు వాక్యాలు రాసిస్తే వాళ్లే అవతలివారికి పంపి, సరేనన్నాక కలుపుతారు. అనుమతి లేకుండా ‘ఫలానావారు పంపారు’ అన్నారో, ఇద్దరి దగ్గరా మాట పోతుంది.

అదే రోజు కృతజ్ఞతలు చెప్పండి, ఏ మాట పనికొచ్చిందో ఆ మాటను ప్రస్తావించి మరీ. నెల తిరిగేలోపు, వాళ్ల సలహాతో ఏం చేశారో రెండు వాక్యాల్లో తెలపండి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ పనే. తన మాట ఏమైందో తెలియని మనిషికి రెండోసారి సాయం చేయాలన్న ఉత్సాహం ఎక్కడుంటుంది?

మాట్లాడిన ప్రతిసారీ తేదీ, ఎవరు పంపారు, ఏం ఇబ్బంది చెప్పారు అని మూడు గళ్లలో రాసుకోండి. పదిమంది అయ్యాక మూడో గడి ఒక్కటే వరుసగా చదవండి. ఒకరు చెప్పిన ఇబ్బందికి మరొకరి దగ్గర పరిష్కారం కనబడితే, ఇద్దర్నీ అడిగి వాళ్లను కలపండి. అందులో మీకేమీ దక్కకపోయినా సరే.