ఓడ దిగి ఒక్క పూటలో మలక్కా చూడటం ఎలా?

మలేషియాలోని తీర నగరం మలక్కా దగ్గర సముద్రం లోతు తక్కువ కాబట్టి క్రూయిజ్ ఓడలు దూరంగా లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవల్లో రేవుకు చేరుస్తాయి. అందువల్ల దిగేముందే చివరి పడవ వేళ కనుక్కోండి. ఫోను తనంతట తానే స్థానిక సమయానికి మారిపోవచ్చు. ఓడ సమయం వేరుగా ఉంటే చేతి గడియారాన్ని దానికే ఉంచుకోండి. ఓడ కార్డుతో పాటు కొన్ని చిన్న రింగిట్ (మలేషియా డబ్బు) నోట్లు దగ్గర పెట్టుకోండి.

రేవు నుంచి నేరుగా డచ్ కూడలికి వెళ్ళండి. అక్కడి ఎర్రని క్రైస్ట్ చర్చి 1753 నాటిది. లోపలికి వెళ్ళి తలెత్తి చూస్తే, పైకప్పు దూలాలు ఒక్కొక్కటీ అతుకు లేకుండా ఒకే మాను నుంచి చెక్కినవని తెలుస్తుంది. ఎండ ముదరకముందే పక్కనున్న సెయింట్ పాల్ గుట్ట ఎక్కండి. 1553లో క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయాన్ని గోవాకు తరలించే ముందు కొన్ని నెలలు ఉంచిన చోటు, గుట్ట మీది కప్పు లేని పాత చర్చిలోనే ఉంది. అవతలి వైపు దిగితే, 1511లో ఊరిని గెలుచుకున్న పోర్చుగీసువారు కట్టిన కోటలో మిగిలిన ఒకే ఒక్క ద్వారం కనిపిస్తుంది. దానికి ఐదు నిమిషాలు చాలు.

మిగిలిన సమయమంతా వంతెన దాటి, నది అవతలి ఒడ్డుకే కేటాయించండి. జోంకర్ వీధి రాత్రి సంత వారాంతపు సాయంత్రాలలోనే జరుగుతుంది గనుక పగటి ప్రయాణికులకు అందదు; అందుకు బాధపడనక్కరలేదు, ఎందుకంటే అసలు మలక్కా ఆ పక్క వీధిలో ఉంది. 1781 నాటి పొయ్యాత వినాయగర్ ఆలయం, కంపుంగ్ క్లింగ్ మసీదు, చెంగ్ హూన్ తెంగ్ చీనా ఆలయం కొద్ది అడుగుల దూరంలోనే వరుసగా ఉంటాయి. ‘క్లింగ్’ అన్నది కళింగం నుంచి వచ్చిన మాటేనంటారు; మన తూర్పు తీరపు వర్తకులను మలయా వారు పిలిచిన పేరది. ఆ మసీదుకు గుమ్మటం లేదు: మూడంతస్తుల వాలు కప్పు, పగోడాను పోలిన మీనారు ఉన్నాయి. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు, తేలికగా విడిచే చెప్పులు వేసుకోండి.

దాహమేస్తే చెండోల్ తాగండి. తురిమిన మంచు, కొబ్బరిపాలు, కారప్పూసను పోలిన ఆకుపచ్చ పోగులు, పైన గులా మలక్కా అనే బెల్లం పాకం: మన తాటిబెల్లం రుచి ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు.

చివరి పడవకు గంట ముందే రేవు చేరండి, ఎందుకంటే అందరూ ఆఖరి పడవకే వస్తారు, వరుస పెద్దదవుతుంది.