బొమ్మల యుద్ధానికి కథ కట్టడం – మూడవ పాఠం: బల్ల అడిగే ప్రశ్నలు

బొమ్మల యుద్ధం అంటే చిన్న సైనికుల బొమ్మలను బల్ల మీద నడుపుతూ ఆడే యుద్ధపు ఆట; అటువంటి ఆటలను వరుసగా ఒకే కథతో కలిపితే అది క్యాంపెయిన్. మొదటి పాఠంలో బొమ్మల కొలతను, రెండవ పాఠంలో క్యాంపెయిన్‌ను ఎందరు ఆడాలో, ఎన్ని వారాలు ఆడాలో నిర్ణయించుకొన్నాము. ఆ లెక్క ప్రకారం మన దగ్గర 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలు, నలుగురు ఆటగాళ్లు, ఒక్కొక్కరి చేతిలో 15 మందికి మించని దళం, 6 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు గల బల్ల, 9 ఆదివారాలు ఉన్నాయి. ఈ తొమ్మిది ఆటలనూ ఒకే దారాన గుచ్చే నేపథ్య కథను ఈ పాఠంలో కడదాము.

కథ అనగానే చాలామంది చరిత్రతో మొదలుపెడతారు. కర్నూలులో మా మేడ మీది గదిలో మొదటిసారి క్యాంపెయిన్ నడిపినప్పుడు నేనూ అదే చేశాను. మూడు వేల సంవత్సరాల రాజవంశాలను, వాటి జెండాల రంగులను, వాటి మధ్య వియ్యాలను, కయ్యాలను ఒక లావుపాటి నోటుపుస్తకం నిండా రాసుకొన్నాను. మొదటి ఆదివారం ఆట ఇంకా వేడెక్కక ముందే మా మేనల్లుడు బొమ్మను చేతిలో పట్టుకొని, "ఏం మామా, పైన ఓడలుండాయంటివి గదా, ఆడినుంచి ఒక్క బాంబు ఏస్తే సరిపోదా? ఈ పదిమందిని కోటలోకి పంపేదెందుకు?" అని అడిగాడు. నోటుపుస్తకం అంతా తిరగేసినా ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. రాజవంశాలను గురించి మాత్రం ఆ తొమ్మిది వారాలలో ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఆనాడు నేర్చుకొన్నదే ఈ పాఠానికి పునాది. నేపథ్య కథ బల్ల అడిగే ప్రశ్నలకు జవాబుగా పుట్టాలి. దళం ఇంత చిన్నదిగా ఎందుకున్నది, తుపాకి గుండు ఇంత దగ్గరలోనే ఎందుకు ఆగిపోతున్నది, ఈ వారం చిత్తుగా ఓడినవాడు వచ్చే వారం మళ్లీ ఎలా నిలబడుతున్నాడు – ఇలా ఆటలో కంటికి కనబడే ప్రతి వింతకూ కథలో కారణం దొరకాలి. దేనికీ జవాబు కాని వివరం ఎంత అందంగా ఉన్నా దానిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ముందుగా దూరం సంగతి చూద్దాము. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే మనిషిని సుమారు 60 రెట్లు కుదించినట్టు. 6 అడుగుల బల్ల పొడవు 183 సెంటీమీటర్లు కాబట్టి, దానిని 60తో హెచ్చిస్తే మన రణరంగం మొత్తం దాదాపు 110 మీటర్లు అవుతుంది. అంటే వంద మీటర్ల పరుగు పందెం బాట కంటే కొంచెమే పొడవు. నేటి సైనికుడి రైఫిల్ 300 మీటర్ల దూరంలోని మనిషిని కొట్టగలదు. అదే కొలతలో ఆ దూరం 5 మీటర్లు అవుతుంది కాబట్టి, గుండు బల్లను దాటి, గదిని దాటి, మేడ మెట్ల దాకా పోవాలి. రాబోయే కాలపు ఆయుధం ఇంకా దూరం పోవాలి గాని దగ్గర కాకూడదు. అయినా ఆట సాగడం కోసం మనం ఆ దూరాన్ని 24 అంగుళాలకు కుదించుకొంటున్నాము. ఇందులో తప్పేమీ లేదు. కాని ఆ కుదింపుకు కథలో కారణం చూపినప్పుడు ఆటగాడి మనస్సు దానిని నియమంగా కాక వాతావరణంగా అనుభవిస్తుంది.

ఈ కారణం కోసమే నేను అంగారకుణ్ణి రంగస్థలంగా ఎంచుకొన్నాను. అక్కడి ధూళి తుఫానులు ఒక్కొక్కసారి గ్రహమంతటినీ కమ్మివేస్తాయి. 2018లో వచ్చిన అటువంటి తుఫాను ఎండను అడ్డగించడం వల్లనే, అక్కడ సౌరశక్తితో నడిచే నాసా వారి పరిశోధక వాహనం, ఆపర్చునిటీ రోవర్, శాశ్వతంగా మూగబోయింది. కథ కోసం ఆ ధూళిని నేను మరింత చిక్కగా చేశాను: 24 అంగుళాలు, అంటే నిజమైన కొలతలో 36 మీటర్ల పైచిలుకు, దాటితే ఎదుటి మనిషి కంటికి ఆనడు. భూమికీ అంగారకుడికీ మధ్య ఒక మాట చేరడానికి గ్రహాల దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాల దాకా పడుతుంది కనుక, యుద్ధం నడుమ భూమి నుంచి ఆజ్ఞలు రావడం కుదరదు. ఎవరి దళానికి వారే నాయకులు. బల్ల దగ్గర కూర్చున్న నలుగురికీ కావలసిన స్వేచ్ఛ సరిగ్గా అదే.

ఇక చిన్న దళాల సంగతి. ఈ ప్రశ్నకు మన సీమ చరిత్రలోనే జవాబు ఉన్నది. 1565లో రక్కసి-తంగడి యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండకు తరలిపోయారు. నడిమి అధికారం సన్నగిల్లిన కొద్దీ ఊరికొక కోట, కోటకొక పాలెగాడు బలపడుతూ వచ్చారు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినప్పుడు, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లొంగదీయవలసి వచ్చిన పాలెగాళ్లు 80 మంది. ఈ చరిత్ర నుంచి మనం తీసుకోవలసింది పేర్లనూ మీసాలనూ కాదు, దాని అమరికను. పెద్ద అధికారం వెనక్కి తగ్గుతుంది. ఇంచుమించు సమానమైన చిన్న బలాలు మిగులుతాయి. ఒకడు మరొకడిని పూర్తిగా తుడిచిపెట్టడానికి తన బలగమంతటినీ తీసుకొని బయలుదేరితే, మూడోవాడు అతని ఖాళీ కోటలోకి దూరుతాడు. అందువల్ల ఎవరైనా సరే పదిమందినో పదిహేనుమందినో మాత్రమే పంపుతారు. మన కథలో భూమి నుంచి ఓడలు రావడం ఆగిపోయి అరవై ఏళ్లు అయింది; నాలుగు స్థావరాలు మిగిలాయి. 15 బొమ్మల దళానికి ఇంతకంటే సహజమైన కారణం నాకు మరెక్కడా దొరకలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాలెగాళ్ల కాలం రెండు వందల ఏళ్ల వెనుకటిది, కాబట్టి దాని అమరికను ఆటలోకి తేవచ్చు. మన ఊళ్లలో నిన్నమొన్నటి దాకా నడిచిన ఫ్యాక్షన్ కక్షలను మాత్రం తేవద్దు. వాటిలో మనుషులను పోగొట్టుకొన్న ఇళ్లు మన వీధుల్లోనే ఉన్నాయి. ఆట చూడడానికి వచ్చిన పిల్లవాడు ఆ ఇంటివాడే కావచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న: దేనికోసం కొట్టుకొంటున్నారు? "అధికారం కోసం" అనే జవాబు చాలదు, ఎందుకంటే అధికారాన్ని బల్ల మీద పెట్టలేము. వేలితో చూపించగలిగిన వస్తువు కావాలి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉన్నది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించిన వైనంతో పాటు, మంచి చెరువుకు ఉండవలసిన 12 సాధనాలనూ, ఉండకూడని 6 దోషాలనూ ఆ రాయి మీద చెక్కించాడు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చవిటి నేల ఒక దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం కూడా ఒక దోషమే. ఈ చివరి మాటను చదివినప్పుడు నాకు క్యాంపెయిన్ మొత్తం కళ్లకు కట్టింది. ఏ ఇంజనీరూ కట్టకూడదని శాస్త్రం చెప్పిన చోటనే చెరువు ఉంటే, దాని చుట్టూ నలుగురు ఉంటే, కథ తనంతట తానే నడుస్తుంది.

కాబట్టి అంగారకుడి మీద నాలుగు స్థావరాల పొలిమేరలు కలిసే చోట, పాతవాళ్లు కట్టి విడిచిపెట్టిన ఒక చెరువును, గట్టి కప్పు కింద భద్రంగా నిలిచిన నీటిని పెట్టాను. మా మేనల్లుడి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరికింది. అక్కడి గాలి ఒత్తిడి భూమి మీది ఒత్తిడిలో నూరో వంతు కూడా లేదు. పైనుంచి బాంబు వేసి కప్పును పగలగొడితే నీరు కాసేపు మరిగి, గడ్డకట్టి, క్రమంగా ఆవిరైపోతుంది. గెలిచినవాడికి ఎండిన గుంట మిగులుతుంది. ఆ నీరు కావలసినవాడు మనుషులను పంపక తప్పదు, వాళ్లు తలుపు తలుపునా పోరాడక తప్పదు.

నాలుగు పక్షాలను వాటి స్వభావంతో కాక, వాటి దగ్గర ఉన్నదానితోనూ లేనిదానితోనూ నిర్వచించండి. మంచువాళ్లు ధ్రువం నుంచి మంచును తవ్వి తెస్తారు, తిండి లేదు. గుహవాళ్లు నేల కింద పంట పండిస్తారు, నీరు లేదు. ఓడవాళ్ల దగ్గర కూలిన ఓడ ఇంజను, దాని కరెంటు ఉన్నాయి, మందులు లేవు. మందులు చేసే గాజుమడుగువాళ్లకు కరెంటు లేదు. గుహవాళ్లను ఊహించడానికి నేను బెలుం గుహలకు రెండుసార్లు వెళ్లాను. అది సున్నపురాతిలో నీరు తొలిచిన గుహ, అంగారకుడి మీద ఉన్నవి లావా పారిన సొరంగాలు, పుట్టుక వేరు. కాని 3 కిలోమీటర్లకు పైగా సాగే ఆ చీకటిలో ఇరుకు దారి ఒక్కసారిగా పెద్ద గదిలోకి తెరుచుకొనే తీరు, లోపలి ఉక్క, మాట ప్రతిధ్వనించే విధం – ఇవి పుస్తకాలలో దొరకవు. గుహవాళ్లు చీకటిలో గురి తప్పరని, ఆరుబయట మాత్రం తడబడతారని నేను రాసుకొన్న నియమం అక్కడ నడుస్తూ తట్టిందే.

పేర్ల విషయంలో నోరు తిరగని శబ్దాలను కుప్పపోయవద్దు. మన ఊళ్ల పేర్ల చివర కుంట, మడుగు, దిన్నె, పల్లె, కోట ఎలా ఉన్నాయో చూడండి. అవన్నీ నేల ఎలా ఉన్నదో చెప్పే మాటలు. ఇనుపదిన్నె, గాజుమడుగు, ఓడకోట అంటే వినేవాడికి ఆ చోటు కనబడుతుంది, బల్ల మీద దానిని కట్టేవాడికి పని కూడా తెలుస్తుంది. ఓడకోట చుట్టూ కొండచరియలకు మేము బేతంచెర్ల బండల ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి వాడాము. గండికోట దగ్గర పెన్న కోసిన లోయ గోడల పొరలు వాటిలో అచ్చంగా కనబడతాయి.

క్యాంపెయిన్‌లు ఎక్కువగా చచ్చేది మూడవ ఆదివారం. మొదటి రెండు ఆటలు గెలిచినవాడికి బలగం పెరుగుతుంది, పెరిగిన బలగంతో మళ్లీ గెలుస్తాడు, మిగిలినవాళ్లు రావడం మానేస్తారు. నా రెండవ క్యాంపెయిన్ ఇలాగే ఆగిపోయింది. దీనిని లెక్కలతో సరిచేయవచ్చు, కాని కథతో సరిచేస్తేనే ఎవరికీ అన్యాయంగా తోచదు. గెలిచినవాడు చెరువులో ఒక తూమును పట్టుకొంటాడు. పట్టుకొన్న తూముకు ముగ్గురిని కాపలా పెట్టాలి, వాళ్లు తరువాతి ఆటకు రారు. ఓడినవాడికి, గెలిచినవాడిని చూసి భయపడిన పొరుగువాడు ఇద్దరిని అప్పుగా ఇస్తాడు. పాలెగాళ్ల కాలంలో పొత్తులు మారిన తీరే ఇది. దీని వల్ల తరువాతి ఆటలో ఓడినవాడి దళం 17, గెలిచినవాడి దళం 12 అవుతుంది, ఆట మళ్లీ బిగుస్తుంది.

కాలాన్ని కార్తెలతో కొలవండి. అంగారకుడి సంవత్సరం మన లెక్కలో 687 రోజులు. దానిని 27 కార్తెలుగా పంచితే ఒక్కొక్కటి సుమారు 25 రోజులు వస్తుంది. మృగశిర నుంచి హస్త దాకా సరిగ్గా తొమ్మిది కార్తెలు, మనకు తొమ్మిది ఆటలు. ప్రతి కార్తెకూ చెరువు మట్టం ఒక మెట్టు దిగుతుంది. హస్త కార్తెలో తుఫాను తెరిపి ఇస్తుంది, చూపు బల్ల అంచు దాకా సాగుతుంది, తుపాకుల దూరం ఒక్కసారిగా పెరుగుతుంది. ఎనిమిది వారాలు ధూళిలో ఆడినవారికి ఆ చివరి ఆట కొత్త యుద్ధంలా ఉంటుంది.

ఈ వారం అభ్యాసం: మీ బల్లను, మీ బొమ్మలను ముందు పెట్టుకొని, మేనల్లుడి వంటి వాడొకడు అడగగల ప్రశ్నలను ఐదు రాయండి. ఒక్కొక్కదానికి రెండు వాక్యాలకు మించకుండా జవాబు రాయండి. తరువాత మీ నాలుగు పక్షాలకు ఉన్నదీ లేనిదీ ఒక్కొక్క మాటలో రాసి, ఏ పక్షానికైనా పొరుగువాళ్లతో పనిలేకుండా బతికే వీలు కనబడితే, దాని దగ్గర ఉన్నదానిలో ఒకటి తీసివేయండి. మొత్తం ఒక కాగితంలో ఒక పక్కకు సరిపోవాలి. నాలుగవ పాఠంలో ఆ కాగితం వెనుక పక్కన పటం గీస్తాము.