పెన్న ఇసుకతో చేపల తొట్టి: ఎంచడం, కడగడం, పరచడం

చేపల తొట్టి అడుగున వేయడానికి రంగురాళ్ల ప్యాకెట్లే కొనాలని లేదు. ఇల్లు కట్టేచోట మిగిలిపోయిన ఏటి ఇసుక అర బస్తా ఉంటే రెండడుగుల తొట్టికి సరిపోతుంది. చవకదని ఇసుకను అనుమానించొద్దు. ఇబ్బంది పెట్టేది దాంతోపాటు కలిసొచ్చే మూడే: ఒండ్రు, గుల్ల, ఉప్పు. ఈ మూడూ లేవని తేల్చుకుంటే పెన్న ఇసుక ఏ ఖరీదైన ప్యాకెట్టుకూ తీసిపోదు.

చేపలకూ రాళ్లకన్నా ఇసుకే హాయి. గోల్డ్‌ఫిష్ అడుగునున్నది నోట్లోకి తీసుకుని, తిండి ఏరుకుని, మిగతాది ఉమ్మేస్తుంది. శనగగింజంత రాయి దాని నోట్లో ఇరుక్కుంటుంది, ఇసుక ఇరుక్కోదు. కోరీడోరాస్ లాంటి అడుగు చేపల మీసాలు గరుకు రాళ్లకు రాసుకుని అరిగిపోతాయి. పైగా రాళ్లయితే మేత, రెట్ట సందుల్లోకి జారి కంటికి కనపడకుండా కుళ్లుతాయి. ఇసుకయితే అవి పైనే నిలుస్తాయి, పైపుతో లాగి పారేయొచ్చు.

ఏ ఇసుక తేవాలి

మొదటి ఎంపిక ఏటి ఇసుకే. నెల్లూరు చుట్టుపక్కల పెన్న ఇసుక, ఒంగోలు వైపు గుండ్లకమ్మ, కందుకూరు వైపు మన్నేరు, ఏదైనా పద్ధతి ఒకటే. నీళ్లలో దొర్లి వచ్చింది కాబట్టి రేణువుల అంచులు మొద్దుబారి ఉంటాయి. గోడల పూతకు జల్లించి పెట్టింది దొరికితే సగం పని తగ్గుతుంది. కుప్ప అడుగు నుంచి, అంచుల నుంచి తీయొద్దు, నడిమి నుంచి తీయండి. అడుగున మట్టి కలుస్తుంది, అంచుల్లో కుక్కలూ పిల్లులూ తిరిగి ఉంటాయి. సిమెంటు కలిపిన చోటికి దగ్గరున్న ఇసుక అసలే వద్దు. అందులో ఉండే సున్నం నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్‌ను ఒక్కసారిగా పైకి లాగేస్తుంది. ఇరవై కిలోల ఇసుక కోసం మీరే ఏట్లోకి దిగి తవ్వొద్దు. అనుమతుల సంగతి అలా ఉంచినా, యంత్రాలు తోడిన గుంతలు నీళ్ల కింద కనపడవు. మేస్త్రీని అడిగితే ఒక బస్తా ఎవరైనా ఇస్తారు.

గూడూరు, సైదాపురం, రాపూరు వైపు వాగుల ఇసుకలో కాకిబంగారం తళుకులు ఎక్కువగా కనిపిస్తాయి. అది అభ్రకం గనులున్న నేల. ఆ తళుకులు నీళ్లలో కరగవు, చేపలకు విషమూ కాదు. కానీ పలచటి రేకులు కావడంతో ఫిల్టరు ధారకు లేచి రోజంతా నీళ్లలో మెరుస్తూ తిరుగుతాయి. కడిగేటప్పుడు వాటిని వంచేయాలి, ఎలాగో కిందుంది.

తెల్ల ఇసుక కావాలంటే అదీ ఇక్కడిదే. చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. అది దాదాపు అంతా సిలికా కాబట్టి నీళ్లలో ఏమీ కలపదు. చిక్కల్లా సన్నదనంతోనే. పిండిలాంటి రకం వేస్తే గట్టిగా అణిగి, కింద గాలాడక కుళ్లుతుంది. అందుకే ఫిల్టర్లలో వాడే రకం అడగండి. వాటర్ ప్లాంట్లకు సామాను అమ్మేవాళ్ల దగ్గర సైజులవారీగా జల్లించిన ఇసుక బస్తాల్లో దొరుకుతుంది. అర మిల్లీమీటరు నుంచి 1 మిల్లీమీటరు రకం చేపల తొట్టికి చక్కగా సరిపోతుంది. జల్లించే పని కూడా ఉండదు. కాస్త ఎక్కువ పెట్టగలిగినవాళ్లకు మేం మొదట చెప్పేది ఇదే.

రోబో శాండ్ వద్దు. అది క్రషర్లో నలిగిన రాయి, ప్రతి రేణువుకూ పదునుంటుంది. దానికి పట్టిన రాతిపొడి ఎన్నిసార్లు కడిగినా వస్తూనే ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం బీచ్ ఇసుకా వద్దు. ఉప్పును కడిగేయగలం గానీ ఆల్చిప్పల పొడిని ఏరలేం. అది మెల్లగా కరిగి నీళ్ల కాఠిన్యాన్ని పెంచుతుంది.

మూడు పరీక్షలు

ఒండ్రుకు మేస్త్రీలు చేసే సీసా పరీక్షే చాలు. గాజు సీసాలో మూడో వంతు ఇసుక వేసి, నీళ్లు నింపి, మూత పెట్టి గట్టిగా ఊపి రెండు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద మెత్తని ఒండ్రు పొర విడిగా పేరుకుంటుంది. అది ఇసుక మందంలో పదో వంతు దాటితే వేరే కుప్ప చూసుకోవడం నయం. దాన్నీ కడగొచ్చు గానీ అన్ని నీళ్లు పోయడం దండగ.

గుల్లకు యాసిడ్ పరీక్ష. రెండు చెంచాల ఎండు ఇసుకను గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోసి, చెవి దగ్గర పెట్టి వినండి, వెలుతురులో చూడండి. బుసబుసమని బుడగలు వస్తే సున్నపు పదార్థం ఉన్నట్టే. వెనిగర్ బలహీనం, కొంచెం గుల్ల ఉంటే పట్టివ్వకపోవచ్చు. బాత్రూంలు కడిగే యాసిడ్ నాలుగు చుక్కలు వేస్తే తేలిపోతుంది. ఆరుబయట, చేతులకు గ్లవుజులు వేసుకుని చేయండి, దగ్గర్లో బ్లీచింగ్ ఉంచకండి. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. పరీక్షించిన ఇసుకను పారేయాలి, బస్తాలో తిరిగి కలపకూడదు.

ఉప్పుకు, నీళ్లలో కరిగే మిగతా వాటికి టీడీఎస్ మీటరు. ఇంట్లో ఆర్వో ఉన్నవాళ్ల దగ్గర ఇది ఉండనే ఉంటుంది. ఒకే నీళ్లను రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో కడిగిన ఇసుక గుప్పెడు వేయండి. నాలుగు రోజుల తర్వాత రెండూ కొలవండి. తేడా 20, 30 ఉంటే పట్టించుకోవక్కర్లేదు. వంద దాటితే ఆ ఇసుక మానేయండి. పీహెచ్ కూడా చూడాలంటే రొయ్యల చెరువుల మందులమ్మే షాపుల్లో కిట్లుంటాయి. మన జిల్లాల్లో చేపలు పెంచేవాళ్లకు ఉన్న పెద్ద సదుపాయం అది. పీహెచ్, కాఠిన్యం, అమ్మోనియా కొలిచే సరంజామా అంతా అక్కడే దొరుకుతుంది.

ఒక్క మినహాయింపు. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు వాడేవాళ్లకు నీళ్లే కఠినం, కాబట్టి ఇసుకలో కొద్దిపాటి గుల్ల ఉన్నా పెద్ద తేడా పడదు. అలాంటి నీళ్లలో మాలీలు, గప్పీలు బాగా బతుకుతాయి. ఏంజెల్, టెట్రాలు పెంచాలంటే మాత్రం గుల్ల లేని ఇసుకే కావాలి.

ఎంత కావాలి

తొట్టి పొడవును వెడల్పుతో, దాన్ని ఇసుక మందంతో సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. లీటరు ఎండు ఇసుక సుమారు కిలోన్నర తూగుతుంది. 60 × 30 సెంటీమీటర్ల తొట్టికి 4 సెంటీమీటర్ల మందమైతే 7.2 లీటర్లు, అంటే 11 కిలోలు. జల్లెడలో, కడుగులో పోయేది పోగా ఇంత మిగలాలంటే 16 కిలోలు తెచ్చుకోండి. మొక్కలు పెట్టేవాళ్లు వెనకవైపు 6 సెంటీమీటర్లు, ముందు 3 సెంటీమీటర్లు ఉండేలా వాలుగా వేయొచ్చు. అంతకు మించి మందం దండగే కాదు, ప్రమాదం కూడా.

జల్లించడం, కడగడం

కిటికీలకు కొట్టే దోమల జాలీ ముక్కను చెక్క చట్రానికి బిగిస్తే మంచి జల్లెడ అవుతుంది. దాంట్లోంచి దిగిందే మనకు కావలసిన సైజు. పైన మిగిలిన రాళ్లు, వేళ్లు, గుల్లలు పారేయండి. పొడి ఇసుక జల్లించేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. సిలికా ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కొంచెం నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు గానీ జాలీకి అతుక్కుంటుంది.

ఈ పని మొత్తంలో ఓపిక కావలసింది కడుగు దగ్గరే, తొందరపడితే చెడేదీ ఇక్కడే. 20 లీటర్ల బకెట్లో ఒక్కసారికి 4 కిలోలకు మించి వేయొద్దు. బకెట్ నిండా వేస్తే అడుగున ఉన్నది కదలదు. పైపును అడుగుదాకా దూర్చి నీళ్లు వదిలి, చేత్తో కింది నుంచి పైకి తిరగేయండి. బియ్యం కడిగినట్టు పైపైన తిప్పితే చాలదు. ఆపగానే ఇసుక కూర్చుంటుంది, ఒండ్రు నీళ్లలో తేలుతుంది. పది లెక్కపెట్టేలోపు ఆ మురికి నీళ్లు వంచేయాలి. ఆలస్యమైతే ఒండ్రు మళ్లీ ఇసుక మీదే కూర్చుంటుంది. కాకిబంగారం రేకులు కూడా ఇసుకకన్నా నిదానంగా దిగుతాయి కాబట్టి ఇలా వంచడంలోనే చాలావరకు పోతాయి. మామూలు ఏటి ఇసుకకు పది పదిహేను సార్లు పడుతుంది. కలిపి ఆపిన అరనిమిషానికి బకెట్లో ఇసుక పైభాగం స్పష్టంగా కనపడిందంటే చాలు. వంచిన నీళ్లు చెట్లకు పోయండి, సింకులో, డ్రైనేజీలో పోస్తే పైపులు పూడిపోతాయి.

సబ్బు, సర్ఫు తగలనివ్వొద్దు. వాటి జాడ కూడా చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. కడిగాక టార్పాలిన్ మీద పలచగా పరిచి రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టండి. మన ఎండకు ఇంకేం అవసరం లేదు. మురుగు కలిసే చోటినుంచి వచ్చిందని అనుమానం ఉంటే గిన్నెలో కొంచెం కొంచెంగా ఉడికించండి.

ఆరిన ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్ల రేణువులు అంటుకొస్తాయి. వాటివల్ల చేపలకు నష్టం లేదు. కానీ అద్దం తుడిచే అయస్కాంతపు బ్రష్షుకు పట్టుకుని అద్దంమీద గీతలు పెడతాయి. ఆ బ్రష్షు వాడేవాళ్లు ముందే తీసేయడం మంచిది.

పరచడం

పెద్ద రాళ్లు ఇసుకకన్నా ముందే, అడుగు అద్దానికి ఆనేలా కూర్చోవాలి. ఇసుకమీద నిలబెట్టిన రాయి కింద చేప తవ్వుకుంటే రాయి ఒరిగి అద్దం పగులుతుంది. రాయి కింద పలచటి ప్లాస్టిక్ షీటు వేయండి. మార్కాపురం పలక ముక్కలు దొరికితే గుహలు కట్టడానికి అంతకన్నా మంచి రాయి లేదు. అంచులను గరుకు రాయిమీద రుద్ది పదును పోగొట్టండి.

ఇసుకను తడిపి వేయండి, పొడిగా వేస్తే గాలి బుడగలు ఇరుక్కుంటాయి. సమంగా సర్దాక పైన పళ్లెం పెట్టి, ధార పళ్లెం మీద పడేలా సన్నగా నీళ్లు నింపండి. మొదటిరోజు కొంచెం మబ్బుగా ఉంటుంది. ఫిల్టరులో దిండ్లలో నింపే పాలియెస్టర్ దూది పెడితే ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది. మూడో రోజు దాటాక పాలలాంటి తెలుపు కమ్ముకుంటే అది ఒండ్రు కాదు, కొత్త నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుతోంది. దానంతట అదే పోతుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే చేపలు వదలాలి.

ఇక ఫిల్టరు. మన దగ్గర చవక తొట్లలో అడుగున ప్లాస్టిక్ పలకలు పరిచి, గాలి పంపుతో నీళ్లు కిందికి లాగే రకం ఎక్కువ. ఇసుక వేస్తే ఆ పలకల రంధ్రాలు పూడి పనిచేయవు. వాటిని తీసేసి స్పాంజి ఫిల్టరు పెట్టుకోండి, అదే గాలి పంపు దానికీ పనికొస్తుంది. మోటారు ఫిల్టరయితే నీళ్లు లాక్కునే మూతి ఇసుకకు కనీసం 5 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఇసుక కదిపే పని ఉన్నప్పుడు ముందు స్విచ్ ఆపండి. రెండు రేణువులు లోపలికి వెళ్లినా ఇంపెల్లర్ (మోటారులో తిరిగే రెక్కల చక్రం) గరగరమంటూ అరిగిపోతుంది.

చేపలున్న తొట్టిలో రాళ్లు తీసి ఇసుక వేయాలంటే ఒక్కరోజులో అంతా మార్చకండి. అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఆ పాత రాళ్లకు కూడా అంటి ఉంటుంది. రాళ్లు కొన్నింటిని వలసంచిలో కట్టి నెల రోజులు తొట్టిలోనే ఉంచండి. ముప్పావు అంగుళం పీవీసీ పైపుకు పైన కోసిన సీసాను గరాటులా తగిలించి, దాంట్లోంచి తడి ఇసుక వదిలితే నీళ్లు మబ్బు కాకుండా అడుగుకు చేరుతుంది.

తర్వాత

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చేటప్పుడు పైపు మూతిని ఇసుకకు 2, 3 సెంటీమీటర్ల పైన గుండ్రంగా తిప్పండి. చెత్త లేచి పైపులోకి వెళ్తుంది, ఇసుక కింద ఉండిపోతుంది. అప్పుడే ఒక సన్నపుల్లతో మొక్కలు లేనిచోట ఇసుకను మెల్లగా గీకండి. చిన్న బుడగలొస్తే భయం లేదు. కుళ్లిన గుడ్డు వాసనొచ్చి ఇసుక నల్లబడి ఉంటే కింద గాలాడక హైడ్రోజన్ సల్ఫైడ్ చేరిందన్నమాట. మేత ఎక్కువ పడడం, ఇసుక మరీ సన్నదవడం, మందం ఎక్కువవడం, కారణం ఈ మూడింట్లో ఒకటి. చేపలుండగా మొత్తం కలియబెట్టొద్దు. వారానికొక చోట ఆ నల్ల ఇసుకను పైపుతో లాగేసి, మేత తగ్గించండి. మే నెల ఎండల్లో ఇది తొందరగా ముదురుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, కుళ్లు వేగం పెరుగుతుంది. ఆ ఎండలున్నన్నాళ్లూ గాలి పంపు రాత్రి కూడా ఆపొద్దు.

ఇసుకలో మొక్కలకు పోషకాలేమీ ఉండవు. వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్ లాంటివాటి వేళ్ల దగ్గర రెండు మూడు నెలలకోసారి ఎరువు బిళ్ల దూర్చాలి.

శుభ్రం చేసినప్పుడల్లా పైపుతో కొంత ఇసుక పోతుంది. అందుకే మొదటిరోజే రెండు కిలోలు అదనంగా కడిగి, ఆరబెట్టి, మూత డబ్బాలో దాచుకోండి. తర్వాత ఇంకో కుప్పనుంచి తెస్తే రంగు కలవదు, పరీక్షలన్నీ మళ్లీ చేయాల్సి వస్తుంది.